రబ్బరు కప్ప, ఆంటీ పులుసు

ఆ లాక్‌డౌన్ రోజుల్లో ఇల్లు వదిలి ఐదు కిలోమీటర్లు దాటకూడదు. మా ప్రార్థన మందిరం పన్నెండు కిలోమీటర్ల దూరాన ఉండిపోయింది, చెరువు మాత్రం మూడు కిలోమీటర్లలోనే ఉంది. ఐర్లండ్‌లోని స్లైగోలో ముసలివాళ్ళను చూసుకునే కేరర్‌గా చేరి ఏడాదైనా నిండని నేను, ఇరవై నాలుగేళ్ళవాణ్ణి, అందులో దేవుని చిత్తమేదో ఉందని గట్టిగా నమ్మాను. (అప్పట్లో బస్సు తప్పిపోయినా నాకు దేవుని చిత్తమే కనిపించేది. ఇప్పటికీ నమ్ముతాను గానీ, కాస్త ముందుగా బయల్దేరుతున్నాను.)

నేను ఈ ఊళ్ళో దిగిన రోజు అన్నం డబ్బాతో ఎదురొచ్చినావిడ నరసాపురం ఆంటీ. ఆసుపత్రిలో నర్సు, మా వీధి చివరే ఇల్లు. ఆ శీతాకాలం ఆవిడకు కోవిడ్ వచ్చి తగ్గింది కానీ, రుచి తిరిగి రాలేదు. నెల దాటినా తిండి సరిగా లేక, శుక్రవారం జూమ్ ప్రార్థనలో చూస్తే బుగ్గలు లోపలికి పోయాయి. "ఏం తిన్నా అట్టముక్క నమిలినట్టుందిరా అబ్బాయ్. చెరువు చేప పులుసైతే గొంతు దిగుద్దేమో," అంది. నేను వెంటనే మ్యూట్ తీసి, ఇరవై కిటికీల ముందు, "వచ్చే శుక్రవారానికి పెద్ద చేప పట్టి తెస్తానాంటీ!" అని ప్రకటించేశాను.

"నువ్వెప్పుడన్నా చేప పట్టావేంట్రా?" అన్నారు ఆంటీ భర్త, మా ప్రార్థనకు పెద్ద అయిన అంకుల్.

"లేదంకుల్. విశ్వాసం ఉంది."

"మంచిదే. దాంతోపాటు గాలం కూడా కొనుక్కో."

లోకపు తళుకులన్నీ సాతాను వేసే ఎరలని పది నిమిషాల ముందే ఆ కూటంలో వాక్యం చెప్పినవాణ్ణి, మర్నాడే తళుకుల ఎరలు తెప్పించాను. నేను చూసిన వీడియోలన్నీ అమెరికావాళ్ళవి, పెద్ద పెద్ద బాస్ చేపలవి. వెండి రేకు, ఎర్ర తల చెక్కచేప, గులాబీరంగు రబ్బరు పాము, కాళ్ళాడించే రబ్బరు కప్ప, పెట్టె తెరిస్తే పెళ్ళికూతురి నగల్లా మెరిశాయి. వీటిలో ఏది వాడాలో తేలక, యేసు శిష్యులంతటివాళ్ళే చీట్లు వేశారు కదా అని, జూమ్‌లో అందర్నీ పిలిచి ప్రార్థన చేయించి చీట్లు వేయించాను. ఆంటీ కూతురు, ఎనిమిదేళ్ళది, ఒక చీటీ తీసి "ఇట్స్ ద ఫ్రాగ్, అంకుల్! హీ ఈజ్ గార్జస్!" అంది. (నన్ను అంకుల్ అనడం నొప్పించింది గానీ, అది వేరే సంగతి.) సంఘమంతా స్తోత్రం చెప్పింది.

మూడు రోజులు విసిరాను. యేసు చెప్పినట్టు దోనెకు కుడిపక్క వల వేస్తేనే కదా శిష్యులకు చేపలు పడ్డది అని కుడిపక్కకే విసిరాను. కుడిపక్కనంతా రెల్లు. కప్ప మొదట రెల్లును పట్టింది, తర్వాత చెట్టుకొమ్మను పట్టింది, ఆ తర్వాత గడ్డం కింద వేలాడుతున్న నా మాస్కును పట్టింది. నాలుగో రోజు, గురువారం, కుక్కతో నడకకొచ్చిన ఒక ఐరిష్ పెద్దాయన దూరంగా ఆగి, "దేనికోసం బాబూ?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"పెద్ద బాస్ కోసం."

ఆయన చెరువునీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "మా దేశంలో బాస్ ఉండేది సముద్రంలో. ఇక్కడున్నది పైక్. ఈ చలికి అది అడుగునే ఉంటుంది. పైన తేలే కప్ప కోసం రమ్మంటే ఎందుకొస్తుంది? ఎవరిచ్చారు నీకీ సలహా?"

సంఘమంతా ప్రార్థించి ఎంచుకున్నదని చెప్పలేక, కప్పను అరచేతిలో దాచేశాను. ఆయన జేబులోంచి నల్లబడిన, సొట్టలు పడిన రాగిరేకు గాలం తీసి రాతి మీద పెట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగాడు. అందులో తళుకు లేదు, అందం లేదు. నాలుగోసారి విసిరేసరికి చేతిలో కర్ర విల్లులా వంగింది. ఆయన దూరం నుంచే కేకలేస్తూ లాగించాడు. నా చెయ్యంత పొడవుంది చేప!

"గ్రాండ్! ఇక వదిలేయ్," అన్నాడు. యాభై సెంటీమీటర్లు దాటిన పైక్‌ని ఇంటికి తీసుకెళ్ళకూడదట, చట్టమట. ఆంటీ సంగతి మొత్తం చెప్పాను. ఆయన కుక్కను పిలిచి, "కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయాను, నాకేమీ కనబడదు," అంటూ అటు తిరిగి వెళ్ళిపోయాడు.

ఒడ్డున ఎవరూ లేరు. సంచీ సిద్ధంగా ఉంది. ఆంటీ బుగ్గలు గుర్తొచ్చాయి. శుక్రవారం నేను చెప్పిన వాక్యమూ గుర్తొచ్చింది. ఇప్పుడు ఎర ముందున్నది చేప కాదు, నేనే. రెండు వేళ్ళు కోసుకుంటూ గాలం తీసి, చేపను నీళ్ళలోకి వదిలేశాను. ఇంటిదాకా ఏడుస్తూ నడిచాను. (వాన పడుతోంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.)

శుక్రవారం సూపర్‌మార్కెట్ చేపతో పులుసు కాచి, ఆంటీ గుమ్మంలో పెట్టి గంట కొట్టి వచ్చేశాను. ప్రార్థనలో అందరి ముందూ జరిగింది ఒప్పుకున్నాను. "ఎంతుందిరా అది? చేతులు చాపి చూపించు," అంది ఆంటీ. చాపితే రెండు చేతులూ తెర దాటిపోయాయి. నెల దాటాక మొదటిసారి ఆవిడ నవ్వింది. నవ్వుతూనే పులుసు కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుని, ఆగిపోయి, ముఖం చిట్లించింది. "ఒరే, ఉప్పు గుమ్మరించేశావేంట్రా!"

"ఏంటన్నావ్? ఉప్పు తెలిసిందా నీకు?" అన్నారు అంకుల్. ఆంటీ గబగబా ఇంకో ముద్ద కలుపుకుంది. ఒక వంటలో ఉప్పెక్కువైనందుకు అంతమంది ఒకేసారి మ్యూట్ తీసి స్తోత్రం చెప్పడం నేను మళ్ళీ వినలేదు.

మొన్న వంటింటి ప్రెస్ (ఇక్కడ అలమరను అలాగే అంటారు) సర్దుతుంటే ఆ రబ్బరు కప్ప చేతికి తగిలింది. కాళ్ళు ఇంకా ఆడుతున్నాయి. కుడిపక్కకే విసిరి విసిరి అలిసిపోయిన ఆ ఇరవై నాలుగేళ్ళ కుర్రాణ్ణి పిలిచి, "ఒరే, ఒక్కసారి ఎడంపక్క కూడా చూడరా," అనాలనిపించింది. చెప్పినా వాడు వినేవాడు కాదు. కప్పను మళ్ళీ జాగ్రత్తగా లోపల పెట్టేశాను.