పంటు దాటి వచ్చిన కార్డు

ఇటు జరగండి. అక్కడ ఎండ మొహాన పడుతోంది, ఈ చాప మీద ఇంకా చోటుంది. నా మాట పంటులాగా నిదానంగా నడుస్తుంది. కంగారు పడకండి, అవతలి ఒడ్డుకి తప్పకుండా చేరుస్తాను.

పంటు చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురం రేవుకి మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ కార్లనీ కూడా ఎక్కించుకుని వశిష్ఠ గోదావరి దాటించే బల్లపరుపు పడవ అది. మా ఇల్లు ఇవతలి ఒడ్డున, మా అమ్మాయి అత్తవారిల్లు అవతలి ఒడ్డున. మధ్యలో ఉన్నది ఒక్క నదే అయినా జిల్లా మారిపోతుంది, ఆస్పత్రి మారిపోతుంది, గర్భిణుల పేర్లు రాసుకునే రిజిస్టరు కూడా మారిపోతుంది. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు.

మా అల్లుడు కువైట్‌లో ఉంటాడు. అమ్మాయికి మొదటిసారి ఐదో నెలలోనే కడుపు పోయింది. రోగిష్టి పిల్లని అంటగట్టామని ఎవరో అన్నారని నా చెవిన పడింది. ఆ మాట నా గుండెలో ముల్లులా ఉండిపోయింది. రెండోసారి నిలబడింది. ఆరో నెలలో బీపీ ఉందని అక్కడి గవర్నమెంటు ఆస్పత్రిలో చెప్పి, రోజూ వేసుకోమని బిళ్ళలిచ్చారు. ఎనిమిదో నెలలో ఏరు దాటకూడదని మా ఇళ్ళల్లో పట్టింపు. తొమ్మిదో నెల రాగానే పిల్లని తెచ్చుకోవడానికి వెళ్ళాను.

వియ్యపురాలు అరటిపళ్ళూ చలిమిడీ పెట్టి పిల్ల ఒడి నింపింది. సంచి సర్దుతుంటే అందులో ఒక ప్లాస్టిక్ కవరు కనిపించింది. బిళ్ళలు, స్కానింగు కాగితం, తల్లీబిడ్డల కార్డు. కాన్పుకి పుట్టింటికి వచ్చే పిల్ల మందులు పట్టుకుని గడప తొక్కకూడదు, రోగాన్ని వెంటబెట్టుకు వచ్చినట్టని మా అమ్మ అనేది. నేను ఆ కవరు తీసి బీరువా మీద పెట్టేశాను.

"అమ్మా, అవి రోజూ వేసుకోవాలే," అంది పిల్ల.

"మన ఊళ్ళో లేవా ఏంటి? ఇక్కడా గవర్నమెంటు డాక్టరే, అక్కడా గవర్నమెంటు డాక్టరే. అవే ఇస్తారు. నువ్వు పళ్ళు పట్టుకుని రా చాలు."

నేనన్నది అబద్ధం కాదు. అవే బిళ్ళలు మా ఊరి క్లినిక్‌లోనూ ఉన్నాయి. వెళ్ళి అడగకపోవడమే నా తప్పు.

ఆ పొద్దున నది మీద మంచు. పంటు కదిలాక నరసాపురం రేవు పాలల్లో ముంచిన బొమ్మలా మసకబారిపోయింది, సఖినేటిపల్లి ఇంకా కనబడలేదు. రెండొడ్డులూ లేని నీళ్ళ మీద నేనూ నా బిడ్డా, దాని కడుపులో ఇంకో బిడ్డా. ఇంజను చప్పుడు కూడా ఎక్కడో దూరాన మోగుతున్నట్టుంది. పిల్ల నా భుజం మీద తల పెట్టి, "అమ్మా, మనం ఎక్కడున్నాం?" అంది నిద్రలో అన్నట్టు. "మధ్యలో," అన్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ ఒక్క మాట మాత్రం నిజం.

ఇంటికి వచ్చాక ఎవరికీ చెప్పలేదు. ఈసారి కళ్ళు పడకూడదనుకున్నాను, ఒక పదిరోజులు పోనిచ్చి చెబుదామనుకున్నాను. బిళ్ళలు తెద్దామని పిల్ల రెండుసార్లు గుర్తుచేసింది. ఆదివారం వెళ్ళనీ అన్నాను. దానికీ ఒంట్లో ఏమీ తెలియడం లేదు, ఊరుకుంది. కొబ్బరాకుల నీడ గోడ మీద ఊగుతుంటే మంచం మీద పడుకుని చూసేది. నేను కాళ్ళ దగ్గర కూర్చుని దాని చిన్ననాటి ముచ్చట్లు చెప్పేదాన్ని. ఆ రోజులు ఎలా వచ్చాయో, ఎలా జారిపోయాయో! ఎనిమిదో రోజున కాళ్ళ పట్టీలు బిగుసుకుపోయి చీలమండల మీద గాట్లు పడ్డాయి. నెలలు నిండిన పిల్లకి నీరు రావడం మామూలేగదా అని సబ్బు రాసి పట్టీలు తీసి, వీధి గదిలో మేకుకి తగిలించాను.

మర్నాడు పొద్దున్నే మా వీధి ఆశా కార్యకర్త వచ్చింది. రెండిళ్ళ అవతల కోడలే, నన్ను పిన్నిగారూ అంటుంది. ఎవరికి జ్వరం, ఎవరి పిల్లకి టీకా అని ఇల్లిల్లూ అడిగి రాసుకుంటుంది.

"మీ ఇంట్లో అందరూ బాగున్నారాండీ?"

"ఆయ్, నేనొక్కదాన్నేగా. బాగానే ఉన్నాను."

ఆమె పుస్తకం మూయబోతూ మేకు వైపు చూసింది.

"అవెవరివండీ?"

"ఏవి?"

"ఆ పట్టీలండి. ఈ వయసులో మీరు పెట్టుకుంటున్నారేంటి పిన్నిగారూ? నాకు చెప్పకుండా పెళ్ళిగానీ చేసుకుంటున్నారేంటండీ?"

నాకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. మేకు దగ్గరికి వెళ్ళి పట్టీలు చేత్తో పట్టుకు చూసింది.

"సబ్బు ఇంకా అంటుకునే ఉందండి. ఎవరికో కాళ్ళు బాగా వాచి తీసేరు. ఎక్కడండీ చెల్లి?"

లోపలికి వెళ్ళి పిల్ల కాలి మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది, అలాగే ఉండిపోయింది. "తలనొప్పిగా ఉందా అమ్మా? కళ్ళు మసకేస్తున్నాయా?" అనడిగింది. "నిన్నటినుంచి వదినా. అమ్మ భయపడుతుందని చెప్పలేదు," అంది పిల్ల. ఆ మాటకి నా కాళ్ళ కింద నేల పంటులా ఊగింది.

ఆశా ఫోన్ చేస్తే ఊరి క్లినిక్ నుంచి నర్సమ్మ వచ్చింది. బీపీ చూసింది. మళ్ళీ చూసింది. మూడోసారి ఇంకో చేతికి చూసింది.

"ఏ బిళ్ళలు వాడుతుందండీ? కార్డేదండీ?"

"బీరువా మీదుంది."

"తీసుకురండి మరి."

"అవతలి ఒడ్డున బీరువా మీదండి."

నర్సమ్మ నన్ను తిట్టినా బాగుండేది. "ఇప్పుడు అనుకోవడాలెందుకండీ," అని వరండాలోకి వెళ్ళి ఒక ఫోన్ తర్వాత ఒక ఫోన్ చేసింది. ఆంబులెన్సుకి ఒకటి, డాక్టరుగారికి ఒకటి, అవతలి ఒడ్డు నర్సుకి ఒకటి. ఆ నర్సెవరో మేము ఎప్పుడూ చూడలేదు. తన రిజిస్టరు తీసి, మా అమ్మాయి పేరు వెతికి, ఏ బిళ్ళ, ఎంత, ఎప్పటినుంచి అనేది అంతా చదివి చెప్పింది. తర్వాత మా వియ్యపురాలింటికి కూడా ఆమే కబురు పెట్టిందట.

మా నాన్న కాలువ లాకుల దగ్గర లస్కరు, అంటే నీళ్ళ తలుపులెత్తి దింపే మనిషి. ఆనకట్ట దగ్గర నీరు కాలువలోకి దిగుతుంది, కాలువ పిల్లకాలువవుతుంది, పిల్లకాలువ బోదె అవుతుంది, బోదె చివరికి ఎవరో ఒకరి చేలో ఆగుతుందని నన్ను గట్టు మీద నడిపిస్తూ చెప్పేవాడు. ప్రభుత్వం వైద్యం కూడా అలాగే వస్తుందని ఆ పొద్దున్న నాకు అర్థమయింది. ఎక్కడో పెద్దవాళ్ళు తలుపెత్తితే జిల్లా ఆస్పత్రికీ, అక్కడినుంచి మండలానికీ, ఊరి క్లినిక్‌కీ, చివరికి ఈ ఆశా చెప్పుల దాకా వచ్చి మా గడప దగ్గర ఆగింది. కాకపోతే రెండు కాలువల మధ్య మిట్ట మీద పడిన పొలం చెక్కకి ఏ కాలువ నీరూ అందదు. అవతలివాళ్ళు పిల్ల పుట్టింటికి వెళ్ళిందనుకున్నారు. ఇవతలివాళ్ళకి వచ్చిందనే తెలియదు. నా బిడ్డని మిట్ట మీద పెట్టింది నేనే.

ఊళ్ళోనే మొదటి ఇంజక్షన్ ఇచ్చి అమలాపురం పంపారు. ఆంబులెన్సు కిటికీలోంచి కొబ్బరితోటలు ఆకుపచ్చని నీళ్ళలా పక్కనుంచి పారుతున్నాయి. పిల్ల చెయ్యి నా చేతిలో ఉంది. ఫిట్సు వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదమని వెంట వచ్చిన ఆశా నా చెవిలో మెల్లగా చెప్పింది. రాజోలు దాటాక నేను దారి చూడడం మానేసి ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. దాని వేలికి ఉంగరం కూడా బిగుసుకుపోయి ఉంది. నేను అదీ చూడలేదు.

మధ్యాహ్నానికి లోపలికి తీసుకువెళ్ళారు. బయట బల్ల మీద నేను. ఫినాయిలు వాసన, ఎవరో తల్లి జోకొడుతున్న చప్పుడు. కళ్ళు మూసుకుంటే మళ్ళీ ఆ మంచే, ఆ రెండొడ్డులూ లేని నీళ్ళే. "ప్రభువా, ఏదో ఒక ఒడ్డు చూపించు," అని అదొక్కటే అన్నాను.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా మా వియ్యపురాలు. కబురందగానే పంటెక్కి, రెండు బస్సులు మారి వచ్చింది. చీర చెంగుని ఒడిలా కట్టుకుని ఉంది. పళ్ళు తెచ్చిందనుకున్నాను. ముడి విప్పితే అందులో ఆ ప్లాస్టిక్ కవరు. కార్డు, స్కానింగు కాగితం, మిగిలిన బిళ్ళలు.

"వదినగారూ, ఆవేళ ఒడిలో పెట్టాల్సింది ఇదేనండి. మీరు తీసేత్తుంటే చూసేను. వియ్యపురాలికి ఎదురు చెప్పడం ఎందుకులే అని ఊరుకున్నాను. నాదీ తప్పేనండి," అంది.

ఇద్దరం ఒకరి చేతులొకరం పట్టుకుని ఏడ్చాం. నర్సు వచ్చి, "ఏడుపు తర్వాతండీ, ముందు కార్డిలా ఇవ్వండి," అని లాక్కుపోయింది. బిడ్డ బరువు తక్కువని ఆ స్కానింగు కాగితంలో ఉందట. అది చూసి పిల్లల డాక్టరమ్మని ముందే పిలిపించుకున్నారు.

దీపాలు పెట్టేవేళకి ఆడపిల్ల పుట్టింది. అరచేతిలో పట్టేంత. కొన్నాళ్ళు గాజుపెట్టెలో ఉంది. మా అమ్మాయికి బీపీ దిగడానికి కూడా అన్నాళ్ళూ పట్టింది. గవర్నమెంటు బండిలోనే తల్లినీ బిడ్డనీ మా గడప ముందు దింపి వెళ్ళారు. గడప దగ్గర ఆశా నుంచుని ఉంది, పుస్తకం తెరిచి.

"పిన్నిగారూ, ఇంట్లో ఎంతమందండీ ఇప్పుడు?"

"ముగ్గురమమ్మా. రాసుకో. కనబడేలా రాసుకో."

ఇప్పుడా మనవరాలు పరిగెడుతోంది. ఆ పట్టీలు ఇంకా మేకుకే ఉన్నాయి, అది పెద్దయ్యాక వేస్తాను. మా వీధికి ఏ ఆడపిల్ల కాన్పుకొచ్చినా నేను ముందే వెళ్ళి, కార్డు ఒడిలో వేసుకుని వచ్చావా అని అడుగుతాను. ముసలమ్మకి చాదస్తమని నవ్వుకుంటారు. నవ్వుకోనీండి.

ఇంతసేపూ నా పక్కన కూర్చున్నారు. మీ ఇంటి ఆడపిల్లలు ఏ నది దాటినా రెండొడ్డుల్లోనూ వాళ్ళ పేరు తెలిసిన మనిషొకరు ఉండాలి. మీ ఉయ్యాల ఖాళీగా ఊగకూడదు. ప్రభువు మీ గడప చల్లగా చూడాలి.