మూడు లాగుళ్ల తాళంకప్ప

పెదనాన్నకు ఒకటే చాదస్తం. తాళం వేశాక మూడుసార్లు లాగి చూడాలి. వీధి మలుపు దాకా వెళ్లాక అనుమానం వచ్చి, వెనక్కొచ్చి నాలుగోసారి లాగాలి. ఆయన బైండింగు షాపుకు "మూడు లాగుళ్ల షాపు" అన్న పేరే స్థిరపడింది. బోర్డు మీద పేరు ఎవరూ చదవరు.

పరాయి తాళాలనూ వదలడు. ఒకసారి తమ్ముడి కూతురి ఆఫీసు చూడబోయి బీరువాలన్నీ వరసగా లాగాడు. ఒకదాని పిడి ఊడి చేతికొచ్చింది. "చెప్పానా," అన్నాడు గర్వంగా.

ఆ అమ్మాయే తర్వాత షాపు చూసుకోవడానికొచ్చి, విసిగిపోయి, వేలు పెడితేనో ఫోను చూపితేనో తెరుచుకునే స్మార్ట్ లాక్ బిగించింది. అందరి వేలిముద్రలూ ఎక్కించింది. ముప్పై ఏళ్లుగా పుస్తకాలు కుడుతూ, రోజూ షాపు తెరిచే కుట్టత్త వేలు మాత్రం రెండుసార్లు పడలేదు. "చెయ్యి కడుక్కుని రా అత్తా," అనేసి వేరే పనిలో పడింది.

"ఇక లాగక్కర్లేదు పెదనాన్నా, దానంతటదే పడుతుంది." ఆయన బుద్ధిగా విని, మూడుసార్లు లాగాడు. మూడోదానికి సైరన్ మోగి వీధంతా బయటికొచ్చింది.

వారం తిరక్కుండా పాత తాళంకప్ప మళ్లీ వేలాడింది.

"ఎందుకు పెదనాన్నా?"

"బ్యాటరీ అయిపోతే?"

"ఏడాది వస్తుంది."

"ఫోను పోతే?"

"నీకసలు ఫోనే లేదుగా."

"అదే మరి. పోగొట్టుకోడానిక్కూడా లేదు."

ఆమెకు ఒళ్లు మండింది. మర్నాడు పెందలాడే వచ్చి తాళంకప్ప తీసేసి, లాక్ ఆన్ చేసి, ఎలా తెరవరో చూద్దామని పక్క కొట్టు అరుగు మీద కూర్చుంది.

కుట్టత్త తాళంచెవితో వచ్చి, కప్ప లేకపోవడం చూసి నిలబడిపోయింది. బొటనవేలు కొంగుకు తుడుచుకుని పెట్టింది. ఎర్రలైటు. మళ్లీ తుడిచింది. మళ్లీ ఎర్రలైటే. అమ్మాయి లేచి వెళ్లి ఆ వేలు పట్టుకుని చూసింది. కాగితం మడిచి, దారం లాగి నున్నగా అరిగిపోయింది. ఒక్క గీత లేదు.

"కడుక్కునే వచ్చానమ్మా," అంది కుట్టత్త. "తలుపు తీయడానిక్కూడా పనికిరానని మానిపించేస్తారేమోనని భయమేసింది. పెద్దాయనే, ఎవరికీ చెప్పకు, నా చాదస్తమని చెప్తాలే అన్నారు."

అమ్మాయికి సిగ్గేసింది. లాక్‌కు తెలియకపోవచ్చు, తనకు తెలియాలి కదా.

ఇంతలో పెదనాన్న వచ్చాడు. సంగతి బయటపడిందని గ్రహించి తల గోక్కున్నాడు. "నాకెలాగూ ఆ పేరుంది కదే. ఇదీ నా నెత్తినే వేసుకున్నా."

సాయంత్రం అమ్మాయే కప్ప వేసింది. "మిషను ఏమైందమ్మా?" అన్నాడు పక్క కొట్టాయన.

"మా పెదనాన్న చాదస్తం పడలేక తీసేశాం," అంటూ మూడుసార్లు లాగింది. మలుపు దాకా వెళ్లి ఆగిపోయింది.

పెదనాన్న నవ్వాపుకుంటూ ఆమె చేతిలో సంచీ అందుకున్నాడు. "వెళ్లి చూసిరా. నేనిక్కడే ఉంటా."