ఇంజిన్ ఆపనందుకు

దోహాలో ఇంటి డ్రైవర్‌కు ఒక అలవాటు పడిపోతుంది. మనుషులను దింపాక ఇంజిన్ ఆపకుండా ఏసీలోనే కూర్చోవాలి. వాళ్ళు తిరిగొచ్చేసరికి సీటు చల్లగా లేకపోతే మేడం ముఖం చిట్లిస్తుంది. ఆ విషయంలో నేనెప్పుడూ మాట పడలేదు. ఆ అలవాటే నన్ను ఆస్ట్రియాలో ముంచింది.

ఒక ఎండాకాలం బాబా, అంటే మా యజమాని, కుటుంబంతో పాటు నన్నూ అక్కడికి తీసుకెళ్ళాడు. అది సరిహద్దులో ఉన్న చిన్న సంత ఊరు. రాళ్ళు పరిచిన అంగడి వీధి, దాని చివర నది, నది మీద వంతెన. వంతెన దాటితే జర్మనీ. అవతలి ఊళ్ళోనే మా చెల్లెలు నర్సు. దాన్ని చూసి ఏళ్ళయింది. దానికి సెలవున్న రోజు అందరం షాపింగ్‌కు అవతలికి వెళ్దామని, నేను దాన్ని చూసొస్తానని బాబాను ముందే అడిగాను. సరేనన్నాడు.

ముందు రోజు అంగడి వీధిలో కారు ఆపి, ఇంజిన్ ఆన్‌లోనే పెట్టుకొని కూర్చున్నాను. వాన పడి చలిగానే ఉంది. ఏసీతో పనే లేదు, చేతికి అలవాటు అంతే. ఎర్ర స్వెట్టర్ వేసుకున్న ఒక ముసలామె అద్దం మీద కొట్టి అరవసాగింది. ఆమె భాష నాకు రాదు. ఏం ఫర్వాలేదన్నట్టు చెయ్యి ఊపాను. ఆమె పోలీసును పిలుచుకొచ్చింది. ఊరికే ఇంజిన్ తిప్పడం అక్కడ తప్పట. నాకు ముందే చెప్పినవాడెవడు? బాబా అందరి ముందూ తిట్టాడు. "నా పరువు తీశావు. రేపు ఇంట్లోనే ఉండు."

మరునాడు ఆయనే కారు నడుపుకొని వంతెన దాటాడు. మేడం బ్యాగులో ఉన్న నా పాస్‌పోర్టు కూడా దాటింది. నేను దాటలేదు.

చెల్లెలు ఫోన్ చేసింది. "యాడున్నావు న్నా? సంగటి చేసి పెట్టినా."

"ఇంట్లో ఉండమన్నారు. పాస్‌పోర్టు కూడా నా దగ్గర లేదు."

"నడిచి రా. వంతెన కాడ ఎవురూ అడగరు."

"అడిగితే జవాబు ఎవరు చెప్తారు? నువ్వే రా."

"వండేదీ నేనే, వచ్చేదీ నేనేనా? పోలీసంటే భయముంది గానీ చెల్లెలంటే లేదు నీకు."

"నువ్వు మాత్రం అన్న కోసం వంతెన దాటలేవు!"

ఫోన్ పెట్టేసింది. మేం దిగిన ఇంటి కిటికీలోంచి వంతెన కనిపించేది. సాయంత్రం దాకా చూస్తూ కూర్చున్నాను. అది రాలేదు. మర్నాడు దానికి డ్యూటీ, మాకు తిరుగు ప్రయాణం.

ఆ తర్వాత ప్రతి ఎండాకాలం వాళ్ళు అక్కడికే వెళ్తున్నారు. నన్ను మళ్ళీ తీసుకెళ్ళలేదు. ఈ ఏడు ఎయిర్‌పోర్టుకు వెళ్ళే దారిలో బాబా అన్నాడు, "నువ్వూ రావాల్సింది. నీ చెల్లెలు అక్కడే కదా!" ఆ తిట్టు ఆయనకు గుర్తే లేదు. చెల్లెలు అక్కడ లేదు కూడా. పోయిన నెలే ఉద్యోగం మారి, ఎక్కడో సముద్రం దగ్గరి ఊరికి వెళ్ళిపోయింది. ఆ మాట అమ్మకు చెప్పింది, నాకు చెప్పలేదు. నేనూ బాబాకు చెప్పలేదు.

వాళ్ళను దింపి, పార్కింగ్‌లో ఏసీ వేసుకొని దానికి ఫోన్ చేశాను.

"ఏం న్నా, వంతెన దాటినావా?"

ఎప్పుడూ అనే మాటే. "నువ్వు దాటినావా?" అనేది నా జవాబు. ఈసారి అది నోటికి రాలేదు.

"ఆ పొద్దు సంగటి ఏం చేసినావు?" అని అడిగాను.



"మర్నాటి దాకా పెట్టినా," అంది. "తర్వాత పారబోసినా."