సింకు వెనక స్క్రూ

మద్దిలపాలెం ఫ్లాట్లో ఒంటరిగా మూడేళ్లు గడిచాయి. అప్పటికి మా గడప దాటి లోపలికొచ్చింది గ్యాస్ సిలిండర్ ఒక్కటే.

ఓ ఆదివారం సింకు వెనక, కంటికి కనపడని చోట స్క్రూ బిగించబోతే అది నాలుగుసార్లు జారిపడింది. ఐదోసారి గోడకీ పైపుకీ మధ్య నా చెయ్యే ఇరుక్కుంది. ఫోను హాల్లో ఉంది. అరగంట మర్యాదగా ఆగి, ఆ తర్వాత అరిచాను.

పక్క ఫ్లాట్ అప్పలరాజు గారు గడియ పెట్టని తలుపు తోసుకొచ్చారు.

"ఏటి బావా, గోడతో సేతులు కలుపుతన్నావేటి?"

గిన్నెల సబ్బు రాసి నా చెయ్యి బయటికి లాగారు. అదే సబ్బు చిటికెడు స్క్రూ గాడిలో అద్ది, స్క్రూడ్రైవర్‌కి అంటించి, ఒక్కసారికే బిగించేశారు.

"సబ్బెడితే పడదు. ఈపాలి ఇరుక్కోకముందే పిలు బావా," అని వెళ్లిపోయారు.

ఆ స్క్రూ మళ్లీ వదులు కాలేదు. రోజూ వేలితో తడిమి చూస్తూనే ఉన్నాను.