ఒక్క పెట్టెతో చలికాలం

మా నేపర్‌విల్ ఇంటి పెరట్లో తేనెటీగల్ని పెంచాలన్న ముచ్చట మావారిది. కుట్టించుకోవడం మాత్రం ఎక్కువగా నా వంతు.

మొదటి ఏడాది చలికాలం వస్తోందనగా ఈగలున్న పెట్టె మీద ఇంకో పెట్టె పెట్టి, దాని నిండా తేనె ఫ్రేములు, అంటే తేనెపట్టు కట్టిన చెక్క చట్రాలు, వదిలేశాం. గుంపు చిన్నదే. అయినా ఉండనీ, విశాలంగా ఉంటాయి పాపం అనుకున్నాం. మా అమ్మాయికి స్కూలు బూట్లు ఎప్పుడూ ఒక సైజు పెద్దవే కొని, ముందు దూది కుక్కి తొడిగిన వాళ్ళం మేము. ముగ్గురికి నాలుగు బెడ్‌రూముల ఇల్లు కొన్నవాళ్ళం. సరిపడా కొనడం మాకు చేతకాదు.

మార్చిలో మూత తీస్తే, అరచేయంత గుంపు ఒకదాన్నొకటి పట్టుకుని చచ్చిపోయి ఉంది. తలలు పట్టులోని ఖాళీ గదుల్లోకి దూర్చుకుని ఉన్నాయి. జానెడు దూరంలో పక్క ఫ్రేము నిండా తేనె ఉంది, ముట్టుకోనైనా లేదు. చలికాలంలో తేనెటీగలు పెట్టెనంతా వెచ్చబెట్టవు. ముద్దలా దగ్గరికి చేరి ఒకదాన్నొకటి వెచ్చబెట్టుకుంటాయి. గుంపు చిన్నదై చోటు పెద్దదైతే, ఆ చలిలో తేనె దాకా కూడా వెళ్ళలేవు. ఇదంతా మేము ఆ తర్వాత తెలుసుకున్నాం. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మళ్ళీ కొత్త ఈగల్ని తెచ్చుకున్నాం, తేనె దాచుకోవడానికి పైన రెండో పెట్టె కూడా పెట్టాం. ఆ వేసవిలోనే మావారి ఉద్యోగం పోయింది. విమానంలో నాలుగు గంటల దూరంలో ఉన్న చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఇంకోటి దొరికి వెళ్ళిపోయారు. అమ్మాయి అప్పటికే కాలేజీకి వెళ్ళిపోయింది. నా పని ఏ ఊళ్ళో కూర్చునైనా చేసుకోవచ్చు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా ‘నువ్వూ రా’ అని ఆయన అనలేదు. పిలవని పేరంటానికి వెళ్ళే అలవాటు నాకూ లేదు.

అక్టోబరులో పెట్టె తెరిచి చూశాను. కింద పెట్టెలో సగం ఫ్రేముల మీదే ఈగలున్నాయి. పై పెట్టెలో తేనె తప్ప ఈగలు లేవు. ఆయనకు ఫోన్ చేసి చెప్పాను.

“పై పెట్టె తీసేస్తానండీ.”

“వద్దొద్దు. అక్కడి చలికి రెండు బాక్సులు మస్ట్ అని బీ క్లబ్‌లో అందరూ చెప్తారు కదా.”

“వాళ్ళ ఈగలు రెండింటి నిండా ఉంటాయి. మనవి లేవు.”

“తేనె చాలకపోతే? రిస్క్ తీసుకోకు.”

“అయితే మీరే వచ్చి చూసి చెప్పండి!”

నేను అరిచింది పెట్టె గురించి కాదు. ఆయనకు అర్థమైందో లేదో తెలియదు. “సరే, నీ ఇష్టం” అన్నారు. ఆ ‘నీ ఇష్టం’ వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

పైనున్న తేనె ఫ్రేముల్ని దించి గుంపుకు రెండు వైపులా ఆనించి పెట్టాను. పై పెట్టె తీసి గరాజ్‌లో పడేశాను. మూత కింద పొడి చక్కెర పరిచి, పెట్టె చుట్టూ నల్లటి తారు కాగితం చుట్టాను. వెనక నుంచి ఎత్తి చూస్తే కష్టం మీద కదిలింది. తిండికి లోటు లేదులే అనుకున్నాను.

మంచు పడ్డాక మేడ మీద హీటర్ ఆపేశాను. కింద చిన్న గదిలోనే పని, తిండి, నిద్ర. ఆయన దుప్పటి కూడా నేనే కప్పుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, ఆయన కావాలనిపించేది. ఫోన్‌లో గొంతు కాదు, వీడియోలో మొహం కాదు, పక్కన మనిషి. కాఫీ కలిపేటప్పుడు ఇద్దరికీ పాలు పోసేసి, పారబొయ్యలేక రెండు కప్పులూ నేనే తాగేదాన్ని.

రోజూ పెరట్లోకి వెళ్ళి పెట్టెకు చెవి ఆనించేదాన్ని. సన్నగా రొద వినిపిస్తే ఆ పూటకు నిశ్చింత. జనవరిలో గాలి కోసేసిన వారం ఏమీ వినిపించలేదు. ఆయన మాట విననందుకు చంపేశానేమో అని భయమేసింది. అవి కూడా పోతే ఈ ఇంట్లో మేమిద్దరం కలిసి పెంచుతున్నదంటూ ఏదీ మిగలదు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం బాగా ఎండ కాసింది. వెళ్ళేసరికి ఈగలు బయటికొచ్చి గాల్లో తిరుగుతున్నాయి. మంచు మీదంతా, చలికాలమంతా ఆపుకున్న వాటి రెట్టల పసుపు మరకలే. వెంటనే ఆయనకు వీడియో కాల్ చేసి, ఫోన్ అటు తిప్పాను.

“బతికాయా!” అంటూ ఆయన ఆఫీసులోంచి పార్కింగ్‌లోకి వచ్చేశారు. చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. “నువ్వే కరెక్ట్” అన్నారు. నెలల తరబడి ఆ మాట కోసమే కాచుకుని ఉన్నానా, తీరా విన్నాక పెద్ద సంతోషమేమీ కలగలేదు.

“ఇక్కడ నాది ఒక్కటే గది,” అన్నారు ఆయన. “అంత ఇంట్లో ఉన్నదానివి ఈ ఇరుకులో ఎలా ఉంటావని... పెద్దది దొరికాక పిలుద్దామనుకున్నా.”

“చలికాలమంతా నేనూ ఒక్క గదిలోనే ఉన్నానండీ,” అన్నాను.

ఆయన మొహం తిప్పుకున్నారు. “వచ్చెయ్” అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

“టికెట్ బుక్ చేస్తా. రిటర్న్ ఎప్పటికి పెట్టమంటావ్?”

“అదిప్పుడెందుకండీ,” అన్నాను, “ముందు రావడానికి చెయ్యండి.”