పది మీద కొట్టిన అయిదు

మొన్న మా మనవరాలు వాళ్ళ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోని రోమన్ కంచు నాణెం ఫోటో ఒకటి పంపి, "అమ్మమ్మా, రాజు పక్కన ఆ డెంట్ ఏంటి?" అని అడిగింది. మీలాగే నేనూ కళ్ళద్దాలు మారిస్తే తప్ప ఫోనులో అక్షరం ఆనని వయసుకొచ్చాను గానీ, ఆ నాణేన్ని మాత్రం చీకట్లో చేతికిచ్చినా తడిమి పోల్చుకోగలను.

లండన్‌కి, అంటే ఇక్కడి కెనడాలో మన అంటారియో లండన్‌కి, వచ్చిన కొత్తలో ఆ యూనివర్సిటీ నాణేల గదిలోనే నాకు ఉద్యోగం. వెనకటి ఊళ్ళవాళ్ళు నాణెం విలువ మారినప్పుడు దాన్ని కరిగించకుండా, ఉన్న బొమ్మ పక్కనే చిన్న ముద్ర ఒకటి కొట్టి మళ్ళీ చెలామణిలోకి వదిలేవారట. ఆ ముద్రల్ని దీపం ఏటవాలుగా పెట్టి చదవడం నా పని. మా ప్రొఫెసరుగారు, మహా ఓపికమంతురాలు, ఈ నాణెం చేతికిస్తే నేను ముద్రను మూడు అని చదివాను. తాతయ్య పంచాంగంలో చూసిన మన తెలుగు మూడే అది, వంపు కూడా తేడా లేదు మరి! ఆవిడ నవ్వకుండా నాణేన్ని తలకిందులు చేశారు. అది గ్రీకు అక్షరం, వాళ్ళ లెక్కలో అయిదు. రాజు ముఖం ముందు మొదటినుంచీ ఉన్న అక్షరం పది. పదిని ఆ ఊరు అయిదుకి దించిందన్నమాట.

గుంటూరులో ప్రాక్టీసు వదులుకుని వచ్చిన మావారి డాక్టరు డిగ్రీ కూడా ఇక్కడ చెల్లలేదు. పరీక్షలు పాసయినా, హాస్పిటల్లో శిక్షణకి రెసిడెన్సీ సీటు రాదు, ఏటా అప్లై చేయడం, ఏటా ఎదురుచూడడం. చివరికి ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో రక్తం తీసే పని ఇస్తామన్నారు. ఒప్పుకోవాలి, లేదా నన్నూ చంటిదాన్నీ ఇక్కడ వదిలి ఒంటరిగా గుంటూరు వెళ్ళిపోవాలి. ఆయన ఏ సంగతీ తేల్చరు.

ఒక మంచు సాయంత్రం నన్ను తీసుకెళ్ళడానికి వచ్చి గదిలో కూర్చుంటే, కాస్త నవ్వుతారేమోనని నా మూడు సంగతి చెప్పాను. ప్రొఫెసరుగారు నాణేన్ని ఆయన అరచేతిలో పెట్టారు. ఆయన దాన్ని దీపం దగ్గర అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు.

"పదికి మూడే అనుకున్నావు. అయిదిచ్చారుగా," అన్నారు.

మర్నాడు వెళ్ళి ఆ ఉద్యోగంలో చేరారు. నేను కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. రిటైరయ్యేదాకా అక్కడే చేశారు, పసిపిల్లలకి నొప్పి తెలియకుండా సూది గుచ్చుతారని పేరు కూడా తెచ్చుకున్నారు.

ఇప్పుడా గదిలో ఏటవాలు దీపాలు లేవు, ఫోటో తీస్తే కంప్యూటరే చదివి పెడుతుందట. మన పిల్లలు ఇక్కడే చదివి ఇక్కడే డాక్టర్లవుతున్నారు, చూస్తే కడుపు నిండిపోతుంది. తెలుగువాళ్ళం కలిసినప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళు "ఆంటీ! అంకుల్ ఏం చేసేవారు?" అని అడుగుతుంటారు. ఆయన ఉన్న రోజుల్లో నన్ను నోరెత్తనివ్వకుండా ల్యాబ్‌లో పని అని తనే చెప్పేసేవారు. ఇప్పుడు నన్ను ఆపేవారు లేరు. డాక్టరని చెబుతున్నాను.