బొట్టు పెట్టిన రైఫిల్

వీరవెంకటసత్యనారాయణ పేరు ఆస్ట్రేలియా వాళ్ల నోట రెండక్షరాల దగ్గరే తెగి 'వీర' అయింది. ఆ వీరుడు గోడ మీద బల్లి కనబడితే భార్య లీలావతిని కేకేసే మనిషి. వారమంతా తాము కాపురముండే నగర శివారు ద పాండ్స్‌లో కూర్చుని కంపెనీల లెక్కలు చూస్తాడు. శని, ఆదివారాలు కొండలవతల కొనుక్కున్న గొర్రెల పొలానికి వెళతాడు.

ఆ ఏడు గొర్రెపిల్లల్ని ఒక అడవిపంది తినడం మొదలుపెట్టింది. దాని గురించి చెప్పుకునేవి నమ్మితే, అది కంచె దాటేది కాదట, కంచే పక్కకు జరిగి దారిచ్చేదట. వాటిని నమ్మకపోయినా, పక్క పొలం గ్రెగ్ కుక్క పొట్ట మీద బారుగా పడిన కుట్లను వీర కళ్లారా చూశాడు. ఎవరో గురి తప్పి కాల్చిన పంది చేసిన పని అది. భుజం వెనక తగిలితే అక్కడే పడుతుంది, పొట్టలో తగిలితే మనిషి మీదికే వస్తుంది అని గ్రెగ్ చెప్పాడు. ఆ రోజు నుంచి వీరకు ముద్ద దిగలేదు.

రైఫిల్‌ను సున్నా చేయడానికి, అంటే దాని గురి కుదర్చడానికి, ఒక పగలంతా తీసుకున్నాడు. వంద మీటర్ల దూరంలో కాగితం పెట్టి కాల్చడం, దాని మీద బిగించిన స్కోప్ దుర్భిణి మరలు తిప్పడం, మళ్లీ కాల్చడం. దుర్భిణిలో అడ్డగీత నిలిచిన చోటే తూటా పడేదాకా వదల్లేదు. మరల మీది అంకెల్ని కూడా సున్నాకు తెచ్చి బిగించాలి, అప్పుడే మర కదిలితే ఎంత కదిలిందో తెలుస్తుంది. ఆ పని తర్వాత చూద్దామనుకున్నాడు.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజనాడు కారుకీ లాప్‌టాప్‌కీ బొట్టు పెట్టి రైఫిల్‌కు పెట్టకపోతే ఎలా అంది లీలావతి. పేలకుండా బోల్టు ఊడదీసి, తన కళ్ల ముందే ఉంచి పూజ చేయించాడు వీర. కళ్లు మూసుకున్నది దండం పెట్టుకున్నంతసేపే.

ఆ వారాంతం పొద్దువాలే వేళ ఇద్దరూ గొర్రెల దొడ్డి ముందు గడ్డిలో బోర్లా పడుకున్నారు. దూరాన్ని, తూటా ఎంత కిందికి దిగుతుందో లెక్కగట్టి చెప్పే రేంజ్‌ఫైండర్ లీలావతి చేతిలో ఉంది. అవతల వాగు గట్టు మీద నల్లగా ఒకటి ఎడమవైపుకు కదిలింది.

"రెండొందల పది మీటర్లండీ," అంది గుసగుసగా. "మర ఎన్ని క్లిక్కులు తిప్పాలో కూడా చెప్పనా?"

వీర మర మీద చెయ్యి వేశాడు. వేలికి ఎర్రగా అంటింది. పక్క మర అంచున కుంకుమ, దాని మీద గుడ్డతో తుడిచిన చార.

"దీన్ని ముట్టుకున్నావా?"

"తుడిచానండీ. స్కోప్ లోపలికి పోతే పాడవుతుందని."

"ఎటు తిప్పి తుడిచావు?"

"ఇప్పుడడిగితే ఏం చెప్పను? గిన్నె తుడిచినట్టు తుడిచాను."

గురి ఎంత తప్పిందో, ఎటు తప్పిందో తెలియదు. దూరం నుంచి కాలిస్తే పొట్టలో తగలొచ్చు. దగ్గర నుంచి కాలిస్తే ఆ తేడా వేలెడంత కూడా ఉండదు. అంటే దాన్ని దగ్గరికి రానివ్వాలి. లేచి పరిగెత్తుదామంటే వెనక దొడ్డిలో గొర్రెపిల్లలు, పక్కన లీలావతి.

"నూట ముప్పై," అంది ఆమె. "కాల్చరేంటండీ?"

"రానీ."

"అరవై. ఏవండీ, ప్లీజ్."

దాని ముక్కు బుసలు వినబడుతున్నాయి. కోరల మీద బురద కనబడుతోంది. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది గాని నొక్కమంటే నొక్కడం లేదు. లీలావతి ముప్పై అంది, ఇరవై అంది.

"నంబర్ రావట్లేదండీ. గీతలు పడుతున్నాయి."

యంత్రం కొలవలేనంత దగ్గరికి వచ్చేసింది. వీర పేల్చాడు. పంది ముందుకాళ్లు మడిచి, ముట్టెతో నేలను గీరుతూ వాళ్లకు నాలుగు బారల దూరంలో ఆగిపోయింది. వీర మళ్లీ బోల్టు లాగి, అది ఇక కదలదని తెలిసేదాకా గురి దించలేదు.

మర్నాడు ఒక్కడే వెళ్లి వంద మీటర్లలో కొత్త కాగితం పెట్టి కాల్చాడు. తూటా జానెడు కుడిపక్కకు పోయింది. రెండొందల మీటర్లలో అదే రెండు జానలు. కాగితం మీద గట్టున కనబడినట్టే ఎడమవైపు తిరిగిన పందిని గీసి, భుజం దగ్గర నుంచి కుడికి జానలు కొలిచి చూశాడు. రెండో జాన సరిగ్గా పొట్ట మీద ఆగింది.

నిన్న రెండొందల పది దగ్గరే కాల్చి ఉంటే, గాయపడ్డ పంది వాళ్ల మీదికే వచ్చేది. రైఫిల్ కింద పెట్టి, ఆ నట్టెండలో కాగితం ముందు చతికిలబడిపోయాడు.